నొప్పి ఏ వేళ వస్తుంది?

(యువతీయువకుల నడుం నొప్పి గురించి, ఎల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితమైన ఉపన్యాసం)

1932లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో విలియం జేసన్ మిక్స్టర్ అనే సర్జన్ ఒక రోగి వెన్నులో నరాన్ని నొక్కుతున్న చిన్న ముద్దను కోసి తీశాడు. ల్యాబులో దాన్ని మృదులాస్థి కణితి అన్నారు. అప్పటిదాకా అలాంటి ముద్ద ఎక్కడ దొరికినా అదే పేరు. ఎముకల డాక్టరు జోసెఫ్ బార్‌కు ఆ పేరు మింగుడు పడలేదు. భద్రపరిచిన పాత ముక్కల్ని మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే వాటిలో చాలావరకు కణితులే కావని తేలింది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు చిట్లి, లోపలి పదార్థం బయటికి ఉబికి నరం మీద పడింది. 1934లో ఇద్దరూ కలిసి 19 మంది రోగుల వివరాలతో వ్యాసం ప్రచురించారు. పిరుదు నుంచి కాలి దాకా లాగే నొప్పికి, సయాటికాకు, ఆపరేషనుతో తొలగించగల కారణం ఒకటి దొరికింది.

సరిగ్గా ఆ రోజుల్లో అదే నగరంలో, హార్వర్డ్ వైద్య కళాశాలలో, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు కండరాల మీద పనిచేస్తున్నారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో గుర్తించారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. మనిషి వంగినా లేచినా నడుము కండరాలను కదిలించేది ఆ అణువే. నడుం నొప్పి ప్రసంగంలో సుబ్బారావు పేరు తలచుకోవడానికి ఇంతకంటే దగ్గరి కారణం మరొకటి ఉంది. ఆ సంగతి రావడానికి కొంత దారి నడవాలి.

మిక్స్టర్, బార్‌ల వ్యాసం ఎందరికో మేలు చేసింది. కానీ ఆ తరవాత నడుం నొప్పి అనగానే డాక్టరు చూపు, రోగి చూపు డిస్కు మీదే నిలిచిపోయాయి. ఇవాళ ఏ తెలుగు ఊళ్లోనైనా పాతికేళ్ల పిల్లో పిల్లాడో నడుం పట్టుకుని కూర్చుంటే చుట్టుపక్కల వాళ్ల నోట వచ్చే మాటలు నాలుగే: డిస్కు జారింది, పూసల మధ్య గ్యాప్ వచ్చింది, నరం నలిగింది, అరుగుదల మొదలైంది. స్కాన్ తీస్తే రిపోర్టులో ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తరచుగా ఉంటుంది. అక్కడితో వెతుకులాట ఆగిపోతుంది. బెల్టు కొంటారు, బిందె ఎత్తడం మానేస్తారు, పెళ్లి సంబంధం దగ్గర ఆ ఫైలు దాచేస్తారు.

నొప్పి లేనివాళ్లకు ఆ స్కాన్ తీస్తే ఏం కనిపిస్తుంది? అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2015లో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. 33 అధ్యయనాల్లోని 3,110 మంది స్కాన్ల వివరాలను ఒకచోట చేర్చారు. వాళ్లెవరికీ నడుం నొప్పి లేదు. అయినా ఇరవై ఏళ్ల వాళ్లలో 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించాయి. ఎనభై ఏళ్ల వాళ్లలో అరుగుదల 96 శాతం మందికి ఉంది. అంటే రిపోర్టులోని ఆ మాటలు చాలామంది విషయంలో తల నెరవడం లాంటివి. ఉన్నాయన్నది నిజమే, నొప్పికి కారణం అవేనన్నది వేరే సంగతి. నిజంగా జారి నరాన్ని నొక్కే డిస్కులూ ఉంటాయి. వాటిలోనూ చాలావాటిని శరీరమే వారాల్లో, నెలల్లో కరిగించుకుంటుంది.

కాబట్టి స్కాన్ బొమ్మ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నొప్పి ఏ వేళ వస్తుంది?

బస్తాలు మోసిన నడుము, గంటల తరబడి బండి నడిపిన నడుము పనిలో నొచ్చి, పడుకుంటే తేలికపడుతుంది. మరో రకం దీనికి నేరుగా ఎదురు. రాత్రి రెండో సగంలో నిద్ర లేపుతుంది. పొద్దున్నే మంచం మీద నుంచి లేవాలంటే నడుం కొయ్యబారిపోయి ఉంటుంది. వంగి బకెట్టు అందుకోవడం కుదరదు. అరగంట, గంట అటూ ఇటూ తిరిగాక సడలుతుంది. ఆదివారం రోజంతా పడుకుంటే తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఒకసారి ఎడమ పిరుదులో, మరోసారి కుడి పిరుదులో నొప్పి మారుతుంటుంది. ఎప్పుడు మొదలైందని అడిగితే రోగి తేదీ చెప్పలేడు. మెల్లగా వచ్చి కూర్చుంది. 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఈ లక్షణాలను అయిదుగా కుదించింది: నలభై ఏళ్లలోపు మొదలవడం, మెల్లగా మొదలవడం, కదిలితే తగ్గడం, విశ్రాంతితో తగ్గకపోవడం, రాత్రిపూట వచ్చి లేస్తే ఉపశమించడం. వీటిలో నాలుగు ఉంటే ఆ నొప్పి వెనక బరువు కాదు, వాపు ఉందని అనుమానించాలి.

ఆ వాపుకు కేంద్రం కటివలయంలో వెన్నెముక అడుగున త్రికాస్థి, తుంటి ఎముక కలిసే చోటు. జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. 19వ శతాబ్దం చివర్లో రష్యాలో వ్లాదిమిర్ బెఖ్తెరెవ్, జర్మనీలో అడాల్ఫ్ స్ట్రుంపెల్, ఫ్రాన్సులో పియెర్ మారీ అయిదేళ్ల వ్యవధిలో దీన్ని విడివిడిగా వర్ణించారు. చాలా ఏళ్లు పట్టించుకోకపోతే కొందరిలో పూసకు పూస అతుక్కుపోయి వెన్ను వెదురుగడలా బిగుస్తుంది. ఎక్స్‌రేలో అది అలాగే కనిపిస్తుంది కనుక వైద్యులు దాన్ని వెదురు వెన్ను అనే పిలుస్తారు.

క్రికెట్ చూసేవాళ్లకు మైకేల్ అథర్టన్ పేరు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండ్ కెప్టెన్‌గా 1995లో జొహన్నెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికా మీద 643 నిమిషాలు క్రీజులో నిలబడి 185 పరుగులతో అజేయంగా మిగిలి టెస్టును కాపాడాడు. ఆ నడుముకున్న జబ్బు ఇదే. నొప్పి మందులతో, ఇంజెక్షన్లతో 115 టెస్టులు ఆడి 2001లో విరమించాడు. ఈ జబ్బుతో బతుకు అక్కడితో ముగిసిపోదనడానికి ఆయన సాక్ష్యం. అయితే ఆయనకు తన నొప్పి పేరు తెలుసు. మన దగ్గర అసలు చిక్కు అక్కడే ఉంది.

ఢిల్లీలో ఎ.ఎన్. మాలవీయ తన సహ పరిశోధకుడితో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి నొప్పికీ జబ్బు పేరు తెలియడానికీ మధ్య సగటున దాదాపు ఏడేళ్లు గడిచాయి. ఇతర దేశాల లెక్కలూ ఇంచుమించు అంతే. ఏడేళ్లంటే ఇంటర్ చదివే కుర్రాడు ఉద్యోగంలో చేరి, ఆ ఉద్యోగం చేయలేక మానేసేటంత కాలం. ఈలోగా అతను ఎన్నో గుమ్మాలు ఎక్కుతాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే నొప్పి ఇంజెక్షను, పట్నంలో ట్రాక్షను, ఎవరో చెప్పిన నూనె మర్దనా, కాల్షియం మాత్రలు, చివరికి కంప్యూటరు ముందు కూర్చోవడం వల్లే ఇదంతా అన్న మాట. అందరూ మంచి మనసుతోనే చెబుతారు. ఆలస్యం మాత్రం ఆగదు.

ఆడపిల్లల విషయంలో ఆలస్యం మరింత ఎక్కువ. ఇది మగవాళ్ల జబ్బని, పదిమందిలో తొమ్మిదిమంది మగవాళ్లేనని పాత పాఠ్యపుస్తకాలు రాశాయి. అది తప్పు. ఎక్స్‌రేలో మార్పులు ఇంకా రాని తొలి దశను కూడా లెక్కలోకి తీసుకుంటే స్త్రీలు, పురుషులు దాదాపు సమానం. అయినా పాతికేళ్ల స్త్రీ పొద్దున్నే నడుం పట్టేస్తోందంటే కాన్పు తరవాత మామూలే అనో, ఇంటి పని అలవాటు లేక అనో అనేస్తారు. ఆమెకు ఎప్పుడైనా ఒక కన్ను ఎర్రబడి, నొప్పెట్టి, వెలుతురు చూడలేకపోయిందా? చర్మం మీద సోరియాసిస్ మచ్చలున్నాయా? దీర్ఘకాలం విరేచనాలయ్యాయా? మేనమామకో నాన్నకో వెన్ను వంగిపోయిందా? ఈ నాలుగు ప్రశ్నలకు కాసు ఖర్చు లేదు. కంటి వాపు కోసం నేత్రవైద్యుడి దగ్గరికి వెళ్లిన రోగి నడుం సంగతి అక్కడ బయటపడటం వైద్యులకు కొత్త కాదు.

1973లో ఈ జబ్బు కథలో పెద్ద మలుపు వచ్చింది. లండన్‌లో డెరిక్ బ్రూవర్టన్ బృందం 75 మంది రోగుల రక్తం పరీక్షిస్తే 72 మందిలో హెచ్‌ఎల్‌ఏ బీ27 అనే గుర్తు కనిపించింది. పోల్చి చూడటానికి తీసుకున్న మరో 75 మందిలో ముగ్గురికే ఉంది. అదే ఏడాది లాస్ ఏంజెలెస్ బృందమూ అదే చెప్పింది. ఒక జబ్బుకూ ఒక వారసత్వ గుర్తుకూ అంత దగ్గరి బంధం అంతకుముందు అరుదుగా దొరికింది. ఇప్పుడు ఆ పరీక్ష మన జిల్లా కేంద్రాల ల్యాబుల్లో కూడా చేస్తున్నారు. దాన్ని చదవడంలో జాగ్రత్త కావాలి. ఆ గుర్తు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏ జబ్బూ రాదు. గుర్తు లేకుండా జబ్బు వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక కాగితం ముక్క మీద పాజిటివ్ అని చూసి ఇరవై ఏళ్ల పిల్లవాడు తన భవిష్యత్తు అయిపోయిందనుకోకూడదు.

ఎమ్మారైకీ ఇదే మాట వర్తిస్తుంది. ఎక్స్‌రేలో మార్పు కనబడటానికి ఏళ్లు పడుతుంది. ఎమ్మారై ఎముకలోని వాపును ముందే చూపిస్తుంది. ఆ మేలు చిన్నది కాదు. కానీ 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఏ నొప్పీ లేని 47 మంది ఆరోగ్యవంతుల్లో 11 మందికి స్కాన్ పాజిటివ్‌గా వచ్చింది. పరుగెత్తేవాళ్లలో, కాన్పు అయిన స్త్రీలలో కూడా అలాంటి వాపు కనిపిస్తుంది. మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే రావాలి: రాత్రా పగలా, కదిలితేనా పడుకుంటేనా?

తెలుగు నేలకు మాత్రం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఏ ఊరి నీళ్లు తాగారు?

1937లో షార్ట్ అనే ఆంగ్లేయ వైద్యశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని అప్పటి నెల్లూరు జిల్లాలో, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో, ఒక వింత వ్యాధిని నమోదు చేశారు. పళ్లు గారపట్టి, వెన్ను కర్రలా బిగిసి, మెడ తిప్పలేక, కూర్చుంటే లేవలేక మనుషులు నలిగిపోతున్నారు. అంతకు ముందే ఆ ప్రాంతపు పశువుల్లో కూడా అలాంటి లక్షణాలు కనిపించాయి. కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడ్. నేల లోపలి రాళ్ల నుంచి అది నీటిలోకి కరుగుతుంది. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దికీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద వివరంగా రాశాడు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడితో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఆ జిల్లా పేరు అలా నిలిచింది. ఆ జిల్లా మనుషులు మాత్రం దశాబ్దాల పాటు అవే నీళ్లు తాగారు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపు మీద ఎక్కువమంది నామినేషన్లు వేసింది గెలవడానికి కాదు, తాగునీటి కోసం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా పడింది. నడుం నొప్పి అంటే ఒంటరి మనిషి ఒంట్లోని బాధ అనుకునేవాళ్లకు ఈ సంఘటన గుర్తుచేయాలి. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. హద్దు బాగా దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగినవాళ్లలో కొందరికి ముప్పై, నలభై ఏళ్లకే నడుం, మోకాళ్లు బిగుస్తాయి. ఆ మనిషి ఇవాళ హైదరాబాద్‌లో శుద్ధి చేసిన నీళ్లే తాగుతుండవచ్చు. ఎముక మాత్రం పాత ఊరి బావిని మరచిపోదు. ఫ్లోరోసిస్ వెన్ను, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ వెన్ను పైపైన చూస్తే ఒకేలా ఉంటాయి. పళ్ల మీది గార, ఎక్స్‌రేలో ఎముకల అసాధారణమైన చిక్కదనం, పుట్టిన ఊరు వాటిని విడదీస్తాయి.

క్షయను మరచిపోతే ఇంకా ప్రమాదం. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. ఎముకలకు పాకిన క్షయలో సుమారు సగం వెన్నుకే వస్తుంది. 1779లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ దీన్ని వర్ణించాడు కనుక ఇప్పటికీ పాట్స్ స్పైన్ అంటారు. దగ్గు ఉండకపోవచ్చు. సాయంత్రాల సన్న జ్వరం, తగ్గే బరువు, ఒకే చోట తగలనివ్వని నొప్పి ఉంటాయి, ఒక్కోసారి అవీ ఉండవు. ముందే పట్టుకుంటే ఎక్కువమందికి మందులతోనే నయమవుతుంది. ఆలస్యమైతే కాళ్లు చచ్చుపడతాయి. డిస్కు అనుకుని ఆరు నెలలు బెల్టు కట్టుకుని తిరిగే వ్యవధి ఇక్కడ లేదు.

ఆటగాళ్లది వేరే దారి. ఎదిగే వయసులో ఒంటిని పదేపదే వెనక్కి వంచి తిప్పే ఫాస్ట్ బౌలర్లకు, జిమ్నాస్టులకు నడుము పూస వెనక భాగంలో సన్నని పగులు వస్తుంది. జస్‌ప్రీత్ బుమ్రా 2019లో, మళ్లీ 2022లో ఇలాగే ఆటకు దూరమై 2023లో న్యూజిలాండ్‌లో ఆపరేషను చేయించుకున్నాడు. అకాడమీల్లో రోజంతా బంతులు వేసే పదహారేళ్ల పిల్లల తల్లిదండ్రులు ఈ పేరు గుర్తుంచుకుంటే చాలు.

ఇవన్నీ కలిపినా నడుం నొప్పితో వచ్చే యువకుల్లో కొద్దిమందే. పదిలో తొమ్మిది పాళ్లకు ఫలానా కారణమని వేలు పెట్టి చూపించలేం. కారణం చూపలేకపోవడం వేరు, నొప్పి లేదనడం వేరు. ఆ నొప్పి నిజం. నిద్ర లేమి, ఆందోళన, ఉద్యోగం పోతుందన్న భయం, మంచం పట్టిన శరీరం దాన్ని పెంచుతాయి. ఎక్కువ విశ్రాంతి తీసుకోమన్న సలహా మేలు చేయదని పరిశోధనలే చూపించాయి. 1986లో రిచర్డ్ డేయో బృందం రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపును రెండు రోజులు, మరో గుంపును ఏడు రోజులు పడుకోమంది. రెండు రోజుల వాళ్లు పనికి సెలవు పెట్టిన రోజులు 45 శాతం తక్కువ. నయం కావడంలో తేడా లేదు. 1995లో ఫిన్లండ్‌లో 186 మంది హెల్సింకి నగర ఉద్యోగుల మీద ఇంకా ముందుకెళ్లి చూశారు. కొందరిని పడుకోమన్నారు, కొందరికి వ్యాయామాలు నేర్పారు, మిగిలిన వాళ్లను ఓర్చుకోగలిగినంత వరకు మామూలు పనులు చేసుకోమన్నారు. అందరికంటే త్వరగా కోలుకున్నది మామూలు పనులు చేసుకున్నవాళ్లు.

2024లో ఆస్ట్రేలియా పరిశోధకులు 701 మంది మీద నడక ఫలితం ప్రచురించారు. ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా నడక పెంచుకున్నవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, ఆ సలహా అందని వాళ్లకు 112 రోజులు. చెరువు గట్టు మీద పొద్దున నడిచే వాళ్లకు దీనికి బెల్టు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. అయితే మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతున్నా నడకల మాట పక్కనపెట్టి ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు సుబ్బారావు దగ్గరికి. హార్వర్డ్ వదిలాక 1940 నుంచి ఆయన లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన ఆ బృందమే దాన్ని అడ్డుకునే అణువులనూ తయారుచేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు దాన్ని ఇస్తే పదిమందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. అదే ఏడాది ఆగస్టులో 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మరో అణువు మెథోట్రెక్సేట్. నలభై ఏళ్ల తరవాత, 1988లో, అమెరికా దాన్ని కీళ్ల వాతానికి, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు, అనుమతించింది. ఇవాళ ఆ జబ్బుకు మొదట రాసే మందు అదే.

వాతం అన్న ఒక్క మాటలో తెలుగువాళ్లు చేతి కీళ్ల వాపునూ వెన్ను బిగువునూ కలిపేస్తారు. మెథోట్రెక్సేట్ వాటిని విడదీసింది. 2007లో బెర్లిన్‌లో యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్న 20 మందికి వారానికి 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే వెన్ను నొప్పి మీద అది పనిచేయలేదు. చేతులను కాపాడే మందు వెన్నును కాపాడలేకపోయింది. అప్పటికే దారి వేరే చోట తెరుచుకుంది. 2002లో బెర్లిన్‌లోనే యుర్గెన్ బ్రౌన్ బృందం టీఎన్‌ఎఫ్ అనే వాపు కారకాన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తే, పన్నెండు వారాల్లో 53 శాతం మందికి జబ్బు తీవ్రత సగానికి సగం తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది 9 శాతమే. ఇలాంటి సూదులు అందరికీ అవసరం రావు. మొదట వ్యాయామం, వాపు తగ్గించే మామూలు మాత్రలు. చాలామందికి వాటితోనే సరిపోతుంది.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో 70 మందికి క్షయ వచ్చిందని 2001లోనే అమెరికా నివేదిక హెచ్చరించింది. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో ఈ సూది వేసే ముందు దాగి ఉన్న క్షయకు పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ధర మరో అడ్డు. 2014 డిసెంబరులో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ ఇదే వర్గంలోని అడాలిముమాబ్‌కు ప్రపంచంలో మొదటి బయోసిమిలర్‌ను (దాదాపు అదే మందుకు మరో కంపెనీ చేసే రూపాన్ని) విడుదల చేశాక అది కొంత దిగింది. నెలజీతం మీద బతికే ఇంటికి అది ఇప్పటికీ బరువే.

వెన్నుతో పాటు మోకాలో చీలమండో వాచిన యువకుల చీటీలో ఇవాళ కూడా సుబ్బారావు బృందపు మాత్ర కనిపిస్తుంటుంది, ఆ కీళ్ల కోసం. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మందుల షాపులో ఆ చీటీ అందుకున్నవాళ్లు వారం పేరు, సోమవారమో గురువారమో, మాత్రల అట్ట మీద తెలుగులో రాసి, ఒకసారి చదివి వినిపించి ఇవ్వాలి.